విద్యాపీఠములందు పొగాకు నిషేధము



కొంతకాలము క్రిందట, పొగాకు పండించు నొక గ్రామమున, రచ్చబండ కడ ఒక వృద్ధ రైతు నన్నొక ప్రశ్న యడిగెను. ఆయన మనుమడు పట్టణమున విశ్వవిద్యాలయములో చదువుచున్నాడు. ఆ విద్యాలయమువారు తలిదండ్రులకు ఒక కాగితము పంపిరి. ప్రాంగణములో సిగరెట్టు గాని, బీడీ గాని, ఖైనీ గాని, గుట్కా గాని యెవ్వరును వాడరాదనియు, అందులకు సమ్మతించి విద్యార్థియు ఇంటి పెద్దయు క్రింద సంతకము చేయవలెననియు అందు వ్రాసియున్నది. ఆ కాగితము చేతబట్టుకొని ఆ పెద్దమనిషి, "అయ్యా, వీని తండ్రిని చదివించినది పొగాకు. వీనికి ఫీజు కట్టినదియు పొగాకే. నేను చూడగా మూడు పూటల చుట్ట కాల్చువాడను. ఇక నేనే మొగము పెట్టుకొని వీనిని పొగాకు ముట్టవద్దని చెప్పుదును? ఈ కాగితము మా సేద్యమును తప్పుపట్టుట కాదా?" అనెను.

ఆనాడు నేను తొందరపడి యేదో సమాధానము చెప్పితిని. అది చాలదని పిమ్మట నాకే తోచినది. ఆ ప్రశ్న పరిహాసమునకు అడిగినది కాదు. పొగాకుమీద బ్రదికిన ప్రతి యింటను పుట్టు ప్రశ్నయే అది. కావున నేటి ప్రసంగమున దానికే సావధానముగా సమాధానము చెప్ప యత్నించెదను.

ముందుగా, విద్యాలయమువారు ఈ నియమమును ఏల పెట్టుచున్నారో విచారింతము. పొగాకులో నికోటిన్ అను నొక విషపదార్థము కలదు. దీనిని గూర్చి రైతులకు నేను వేఱుగా చెప్పనక్కఱలేదు. మంచు తడియారని పచ్చియాకును రెల్లెడువారికి తల తిరుగుటయు, వాంతులగుటయు మీరెఱిగినదే. ఆకునుండి చర్మము ద్వారా ఒంటిలోనికి దిగిన నికోటినే అందులకు కారణము. పొగాకు కషాయమును పేనుబంకపై చల్లినచో పురుగు చచ్చుటయు మీరు చూచినదే. పొగ పీల్చినపుడు ఈ నికోటిన్ కొలది క్షణములలో మెదడును చేరును. అక్కడ కొంచెము హాయిని గలిగించి, ఆ హాయి తీఱగానే మరల తన్నే కోరునట్లు మెదడును మరపును. మొదట మనుజుడు పొగాకును పట్టును. పిమ్మట పొగాకు మనుజుని పట్టును.

ఈ పట్టు ఏ వయస్సున పడుననునది ముఖ్యమైన విషయము. అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి 2012లో వెలువరించిన నివేదికలో ఒక లెక్క కలదు. ప్రతిదినము సిగరెట్టు త్రాగు పెద్దవారిలో నూటికి 88 మంది 18 ఏండ్లు నిండులోపల మొదటి సిగరెట్టు ముట్టించినవారట. 26 ఏండ్లు నిండులోపల మొదలిడినవారు నూటికి 99 మందియట. అనగా 26 ఏండ్లవఱకు పొగాకును ముట్టనివాడు ఆ పిమ్మట దానిని పట్టుట చాల అరుదు. మనిషి మెదడు ఇంచుమించు 25 ఏండ్లవఱకు ఎదుగుచునే యుండును. ఎదుగుచున్న మెదడునకు వ్యసనము త్వరగా అంటును. మన పిల్లలు ఇల్లు విడిచి వసతి గృహములలో నుండి చదువుకొనునది సరిగా 17 మొదలు 25 ఏండ్ల నడుమనే గదా. అప్పుడు తండ్రి కంటి యెదుట నుండడు. తల్లి మాట వినబడదు. తోడివాడు చేసినది తానును చేయవలెనను కోరిక మెండు. కావున ఆ వయస్సున వారుండు చోట పొగాకు కంటబడకుండ చేయుట, పైరుమీద తెగులు పుట్టకముందే నారుమడిని కాపాడుకొనుట వంటిది.

అలవాటుపడినచో కలుగు నష్టమెంత? దీనిని గూర్చి మిక్కిలి దీర్ఘకాలము జరిగిన పరిశీలన యొకటి కలదు. 1951లో ఇంగ్లండున రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను శాస్త్రజ్ఞులు బ్రిటిషు వైద్యులలో 34,439 మంది పురుషుల పొగత్రాగు అలవాట్లను వ్రాసికొని, వారి ఆయుర్దాయములను 50 ఏండ్లపాటు గమనింప నారంభించిరి. 2004లో ప్రకటింపబడిన ఫలితమిది: జీవితాంతము సిగరెట్టు విడువనివారు, ఎన్నడును త్రాగనివారికన్న సుమారు 10 ఏండ్లు ముందుగా మరణించిరి. 60వ ఏట మానినవారు అందులో 3 ఏండ్లను, 50వ ఏట మానినవారు 6 ఏండ్లను, 40వ ఏట మానినవారు 9 ఏండ్లను తిరిగి సంపాదించుకొనిరి. 30వ ఏట మానినవారు ఇంచుమించు మొత్తము 10 ఏండ్లను దక్కించుకొనిరి. ఇందు యువకులకును వృద్ధులకును కూడ పాఠము కలదు. అరువదియేండ్ల వయస్సున మానినను మూడేండ్లు మిగులును. మనుమని పెండ్లి చూచుటకు మూడేండ్లు తక్కువ కావు.

ఇక పొగాకు పండించు దేశములోని విద్యాలయము పొగాకును వెలిబెట్టవచ్చునా యను సంశయమునకు వత్తము. దీనికి దూరదేశపు దృష్టాంత మొకటి చెప్పెదను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కెంటకీ యను రాష్ట్రము కలదు. మన గుంటూరు, ప్రకాశము ప్రాంతములకు వర్జీనియా పొగాకు ఎట్టిదో, ఆ రాష్ట్రమునకు బర్లీ పొగాకు అట్టిది. మనము బ్యారనులో నిప్పు పెట్టి వర్జీనియా ఆకును పండబెట్టుదుము. వారు ఎత్తైన కొట్టములలో బర్లీని వ్రేలాడదీసి గాలికి ఆరబెట్టుదురు. ఎన్నియో తరములవారు ఆ యాకు అమ్మిన సొమ్ముతోనే భూములు కొనిరి, పిల్లలకు చదువులు చెప్పించిరి. ఆ రాష్ట్రమున లెక్సింగ్టన్ పట్టణమునందలి కెంటకీ విశ్వవిద్యాలయములో వ్యవసాయ శాస్త్రజ్ఞులు పొగాకు వంగడములపై పరిశోధనలు సైతము చేయుచు వచ్చిరి.

అట్టి లెక్సింగ్టన్ పట్టణమువారు 2004 ఏప్రిలునుండి భోజనశాలలు మొదలగు బహిరంగ స్థలముల లోపల పొగ త్రాగరాదను శాసనమును అమలులో పెట్టిరి. 2009 నవంబరు 19వ తేదీనుండి విశ్వవిద్యాలయమువారు ఇంకొక యడుగు ముందునకు వేసిరి. భవనములలోనే కాక ఆరుబయటను, బాటలమీదను, వాహనములు నిలుపు చోటులందును, ప్రాంగణములో నెచ్చటను పొగాకు వాడరాదని నియమించిరి. విద్యార్థులకు, ఆచార్యులకు, నౌకరులకు, చూడవచ్చిన అతిథులకు కూడ ఈ నియమ మొక్కటే.

వ్రాసి గోడకు అంటించినంతనే నియమము నిలువదని వారును అనతికాలములోనే తెలిసికొనిరి. కొందఱు మూలమూలల చేరి త్రాగుచునే యుండిరి. అప్పుడు విద్యాలయమువారు వారిని తిట్టలేదు. ఆ విశ్వవిద్యాలయపు నర్సింగు విభాగమువారు పీకలు పడు చోటులను గుర్తించి, వానిని ఏరి లెక్కపెట్టిరి. పొగత్రాగువారికి నియమమును తెలిపెడి చిన్న చీటీలను అట్టి చోటుల పంచగా, పీకల లెక్క తగ్గినది. తాము నేర్చుకొనినదానిని వారు మూడు మాటలుగా లోకమునకు చెప్పిరి. మొదటిది, నియమమును అందఱకును తెలియజెప్పుట. రెండవది, అలవాటుపడినవానికి చికిత్స చేయుట. మూడవది, తప్పు చేయువానిని మర్యాదగా వారించు విధమును కొందఱకు నేర్పుట. ఈ మూడింటిలో జరిమానా లేదని గమనింపుడు. పొగత్రాగువాడు వారికి దోషి కాడు, రోగి.

ఇట్టి నియమములవలన అలవాటు నిజముగా తగ్గునా? అమెరికాలోనే ఇండియానా రాష్ట్రమున రెండు పెద్ద విశ్వవిద్యాలయములను పోల్చి చూచిరి. ఒకదానిలో పొగ నిషేధ నియమము పెట్టిరి, రెండవదానిలో పెట్టలేదు. నియమము పెట్టిన చోట పొగత్రాగు విద్యార్థులు 2007లో వేయికి 165 మంది యుండగా, 2009 నాటికి 128 మందియైరి. పెట్టని చోట వేయికి 95 మంది యుండగా 101 మందియైరి. ఒక్క పరిశీలనతోనే సర్వమును తేల్చుట తగదు. అయినను, వేయిమందిలో ముప్పదియేడుగురు తగ్గుట స్వల్ప విషయము కాదు. ఆ ముప్పదియేడుగురును ముప్పదియేడు ఇండ్లవారి బిడ్డలు.

ఇక మన దేశమున నేమున్నదో చూతము. 2003లో మన పార్లమెంటు పొగాకు ఉత్పత్తులను గూర్చి యొక చట్టము చేసినది. దాని ప్రకారము విద్యాలయములతో సహా బహిరంగ స్థలములందు పొగత్రాగరాదు. దీనికి సంబంధించిన కొత్త నిబంధనలు 2008 అక్టోబరు 2వ తేదీన, గాంధీ జయంతినాడు, అమలులోనికి వచ్చినవి. తప్పినవానికి 200 రూపాయల వఱకు జరిమానా. 18 ఏండ్లు నిండని పిల్లలకు పొగాకు అమ్మరాదు. ఏ విద్యాలయమునకైనను వంద గజముల లోపల పొగాకు వస్తువులు అమ్మరాదు. ఈ వంద గజములను ద్వారమునుండి గాక, ఆవరణపు గోడ లేదా కంచె వెలుపలి అంచునుండి అన్ని దిక్కులకును కొలువవలెను. 2015 నాటి బాలల న్యాయ చట్టము మఱింత కఠినమైనది. వైద్యుని ఉత్తరువు లేక పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేండ్ల వఱకు కఠిన కారాగారమును, లక్ష రూపాయల వఱకు జరిమానాయును విధింపవచ్చును. విద్యుత్తుతో పనిచేయు సిగరెట్ల తయారీని, అమ్మకమును 2019లో దేశమంతటను నిషేధించిరి.

అయితే, పొగ నిషేధము వేఱు, పొగాకు నిషేధము వేఱు. మన దేశమున ఈ భేదము మిక్కిలి ముఖ్యమైనది. 2016-17లో ప్రభుత్వము జరిపించిన సర్వేలో, 15 ఏండ్లు దాటినవారిలో నూటికి 28.6 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలినది. అందు పొగత్రాగువారు నూటికి 10.7 మంది మాత్రమే. నమలుట, దవుడన పెట్టుకొనుట, పీల్చుట మొదలగు విధముల పొగలేని పొగాకును వాడువారు నూటికి 21.4 మంది. అనగా రెట్టింపు. సిగరెట్టును మాత్రము నిషేధించి ఖైనీని విడిచిపెట్టిన విద్యాలయము, దొడ్డిదారిని తెఱచియుంచి వీథి తలుపునకు గొళ్ళెము వేసినట్లు. ఏ రూపమున నున్నను పొగాకు నోటికి హాని చేయుననుటకు మన తీరప్రాంతమే సాక్ష్యము. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో కొందఱు స్త్రీలు చుట్ట యొక్క నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగుటయు, దానిని అడ్డపొగ యనుటయు మీరెఱుగుదురు. ఆ యలవాటువలన అంగుడియందు పుట్టు పుట్టకుఱుపును అక్కడి వైద్యులు చిరకాలముగా చూచుచు వర్ణించుచు వచ్చిరి.

ఈ కారణముచేతనే కేంద్ర ఆరోగ్య శాఖవారు 2019లో విద్యాలయములకు ఇచ్చిన సూచనలలో పొగాకును సర్వరూపములను వెలిబెట్టవలెనని చెప్పిరి. ద్వారముకడను లోపలను పలకలు కట్టవలెను. వంద గజముల మేర గుర్తు వేయవలెను. ఆచార్యులనుండియు, విద్యార్థులనుండియు పర్యవేక్షకులను ఏర్పఱుపవలెను. ఆఱు నెలలకొకమాఱైనను ఈ విషయమై ఒక కార్యక్రమము జరుపవలెను. అన్నిటికన్న నాకు నచ్చిన సూచన వేఱొకటి. ప్రాంగణములో పీకలు గాని, గుట్కా పొట్లములు గాని, ఉమ్మి మరకలు గాని కనబడరాదట. నియమము నడచుచున్నదో లేదో తెలిసికొనుటకు కార్యాలయపు కాగితములు చూడనక్కఱలేదు. మెట్ల మూలను చూచిన చాలును.

ఇచ్చట కొందఱు ఆక్షేపించుచున్నారు. పదునెనిమిదేండ్లు నిండిన విద్యార్థికి వోటు హక్కు కలదు. అతడేమి వాడవలెనో చెప్పుటకు విద్యాలయ మెవరు? అని. మన గ్రామములలో మంచినీళ్ళ చెఱువు వేఱుగా నుండును. అందు గేదెలను కడుగరాదని కట్టడి. ఆ కట్టడివలన గేదెలకు గాని, వాని యజమానికి గాని అవమానము కలుగలేదు. కడుగుకొనుటకు వేఱు చెఱువు కలదు. త్రాగు నీరు మాత్రము పదిమందిది. విద్యాలయమును అట్టిదే. ఈ నియమము మనిషిని గూర్చినది కాదు, చోటును గూర్చినది. ఒకడు విడిచిన పొగను ప్రక్కవాడు పీల్చును. ఒకనిని చూచి వేఱొకడు నేర్చును. అందుచేత అచ్చటి గాలియు, అచ్చటి నడవడియు పదిమందికి చెందినవి.

రైతునకు నష్టము కాదా యని మఱియొక ఆక్షేపణ. దీనికి నిజము చెప్పవలెను. మన వర్జీనియా పొగాకులో చాల భాగము విదేశములకు ఎగుమతి యగుచున్నది. విద్యాలయములలో నిషేధము పెట్టినంతమాత్రమున ఈ యేడు వేలములో ధర పడిపోదు. కాని పిల్లలు ఎక్కడికక్కడ ఈ యలవాటును నేర్వకుండిన, ఒకటి రెండు తరములకు గిరాకి తఱుగుట నిశ్చయము. ఆ మాటను రైతునకు దాచుట ధర్మము కాదు. కెంటకీ రైతులకును అట్టి కాలమే వచ్చినది. అక్కడ పొగాకు సాగుపై 1930ల నాటినుండి యున్న వాటాల పద్ధతిని 2004లో చేసిన చట్టముతో తీసివేసిరి. వాటాదారులకు, సాగుదారులకు పదేండ్లపాటు వాయిదాలమీద పరిహార మిచ్చిరి. ఆ సొమ్మును తయారీదారుల నుండియే వసూలు చేసిరి. చాలమంది రైతులు పొగాకును విడిచి వేఱు వృత్తులను, వేఱు పైరులను చేపట్టిరి. మార్పు వచ్చునని ముందుగా తెలిసినవాడు గడువు అడుగగలడు, సాయమును కోరగలడు. తెలియనివాడు ఆ దినము వచ్చినపుడు మొఱపెట్టుటకే మిగులును.

ఇంతకును పెద్దలు చేయదగిన పని యేమి? నాలుగు చెప్పెదను.

మీ యూరి బడికి గాని, కళాశాలకు గాని వంద గజముల లోపల మీ స్థలము నెవరైన కిళ్ళీ కొట్టునకు అద్దెకు అడిగినచో, అందు పొగాకు అమ్మరాదను షరతు పెట్టుడు. జరిమానాకన్న స్థలదారుని మాట బలమైనది. విద్యాలయము పొగాకును లోపలినుండి వెడలగొట్టగా, అది ద్వారము వెలుపల వచ్చి నిలుచును. అక్కడ అడ్డగింపవలసినవారు మీరే.

పిల్లవానిని విద్యాలయములో చేర్చునపుడు, అక్కడ ఈ నియమము కలదా, దానిని చూచు పర్యవేక్షకు డెవరు, అలవాటుపడినవానికి సాయము దొరకునా యని అడుగుడు. ఫీజు ఎంతయని అడుగు నోటితోనే దీనిని కూడ అడుగవచ్చును.

పిల్లవాడు ఇదివఱకే అలవాటుపడినట్లు తెలిసినచో కొట్టవద్దు, నలుగురిలో సిగ్గుపఱుపవద్దు. అతడు దాచుట నేర్చునే గాని మానుట నేర్వడు. మానదలచినవారికి సలహా నిచ్చుటకు ప్రభుత్వము 1800-11-2356 అను సంఖ్యతో రుసుము లేని టెలిఫోను సేవను నడుపుచున్నది. పెద్దలును దానిని వాడుకొనవచ్చును.

నాలుగవది చిన్న మాట. చుట్ట తెమ్మని గాని, బీడీకట్ట తెమ్మని గాని చిన్నపిల్లలను అంగడికి పంపకుడు. పొగాకును మొదట వాని చేతిలో పెట్టినది మనమే యను మాట రానీయరాదు.

ఇప్పుడు ఆ వృద్ధ రైతునకు సమాధానము. అయ్యా, మీరు ఎండలో, చలిలో, బ్యారను ముందఱ నిద్రలేని రాత్రులలో పొగాకును పండించినది పిల్లలు పొగాకు త్రాగవలెనని కాదు, చదువుకొనవలెనని. అప్పు చేసి, పంట అమ్మి మీరు పంపిన సొమ్ము ఆ విద్యాలయమును చేరినది చదువు కొఱకే. ఆ కాగితము మీ సేద్యమును తప్పుపట్టలేదు. మీ కష్టము ఏ ఫలము నాశించి చేసినదో, ఆ ఫలమును కాపాడుచున్నది. చుట్ట కాల్చు తాత వద్దని చెప్పిన చెల్లదని మీరు సంకోచింపవలదు. ఈ పట్టు ఎట్టిదో ఎఱిగినవారు మీరు. ఎన్నిసార్లు మానవలెనని తలచితిరో, ఎందుకు మానలేకపోయితిరో ఉన్నదున్నట్లు వానికి చెప్పుడు. ఏ పలకయు, ఏ ఉపన్యాసమును ఆ మాటకు సాటి రావు. చెప్పిన పిమ్మట, ఆ కాగితముమీద మీ మనుమని సంతకము క్రింద మీ సంతకమును చేయుడు.